మే నెలలో వైజాగ్‌లో గాలం: నిషేధం ఎవరికి, సముద్రం ఎలా ఉంటుంది?

గాలం_గోదారి:
మే రెండో వారంలో ముగ్గురం వైజాగ్ వస్తున్నాం. రుషికొండ నుంచి భీమిలి దాకా ఒడ్డు మీంచి లూర్ (కృత్రిమ ఎర) వేయాలని, ఒక పొద్దు బోటు మాట్లాడుకుని వంజరం చేప కోసం లోపలికి వెళ్ళాలని ఉంది. వేట నిషేధం సరదాగా గాలం వేసేవాళ్ళకీ వర్తిస్తుందా? పదడుగుల రాడ్, 5000 సైజు రీల్, 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిక దారం) ఉన్నాయి. ఇంకేం కావాలి?

జాలారి_వీధి:
బోటు మాట మర్చిపోండి. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు నిషేధం. మన రాష్ట్రంలో పెద్ద మరబోట్లతో పాటు ఇంజను బిగించిన ఫైబర్ పడవలు కూడా దాని కిందకే వస్తాయి. వలతో పట్టారా గాలంతో పట్టారా అని ఎవరూ అడగరు, మోటారు పడవలో వేటకి వెళ్ళారా అన్నదే లెక్క. 1994 నాటి రాష్ట్ర సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద సరుకు పోతుంది, జరిమానా పడుతుంది, పడవ వాళ్ళకి డీజిల్ రాయితీ కూడా ఆగిపోవచ్చు. నాలుగు రూపాయలు ఎక్కువిస్తే ఎవరైనా ఒప్పుకుంటారేమో గానీ, మన సరదాకి వాళ్ళ బతుకుతెరువు పణం పెట్టడం న్యాయం కాదండి.

నిషేధం పడవలకి కాబట్టి ఒడ్డు మీంచి గాలం వేసుకోవచ్చు. పోర్టు ఛానెల్ పక్కన, డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నేవీ వైపు మాత్రం రాడ్ పట్టుకుని తిరగొద్దు. ఇంకో సంగతి, ఆలివ్ రిడ్లే తాబేలు, తిమింగల సొర, రంపపు సొర వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. తాబేలు గాలానికి తగిలితే ఒడ్డుకి ఈడ్చి ఫోటోలు దిగకుండా, కొక్కేనికి వీలైనంత దగ్గరగా దారం కోసి వదిలేయండి.

తెన్నేటి_రాళ్ళు:
రూలు సంగతి అన్న చెప్పేశారు, నేను నీళ్ళ సంగతి చెప్తా. మేలో నైరుతి గాలి తీరం పొడవునా కొడుతుంది. ఎండెక్కే కొద్దీ జోరు పెరిగి, బ్రెయిడ్ విల్లులా వంగిపోయి లూర్ ఎక్కడుందో చేతికి తెలియదు. అందుకే పొద్దున్నే పని. సూర్యోదయం 5:25 ప్రాంతంలో, 4:45కల్లా చోటు చూసుకుని ఉండాలి. ఎనిమిదిన్నరకి సర్దేయొచ్చు.

అమావాస్య, పౌర్ణమి దగ్గర ఇక్కడ ఆటుపోట్ల తేడా సుమారు ఒకటిన్నర మీటరు. పోటు మొదలైన రెండు గంటలు తెల్లవారుజామున పడే రోజులు టైడ్ టేబుల్‌లో వెతుక్కోండి. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి టైం ఇవాళ పనికిరాదు.

అసలు ప్రమాదం గాలి లేని రోజున ఉంది. ఏప్రిల్, మే నెలల్లో దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి పొడుగు అలలు వస్తాయి. పది నిమిషాలు నీళ్ళు చెరువులా ఉంటాయి, తర్వాత వరసగా నాలుగైదు పెద్ద కెరటాలు రాయి మీదకి ఎక్కేస్తాయి. వెళ్ళేముందు ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) వారి అలల హెచ్చరిక చూడండి. అలల మధ్య వ్యవధి 15 సెకన్లు దాటితే రాళ్ళు వదిలేసి ఇసుక ఒడ్డుకి పొండి. లేకపోయినా ఇరవై నిమిషాలు నిలబడి చూశాకే రాయి ఎక్కాలి. తడిగా, పచ్చగా నాచు పట్టి ఉన్న చోటు దాకా అల వస్తుందనే అర్థం.

సరంజామా: 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (బ్రెయిడ్ చివర, ఎరకి ముందు కట్టే గట్టి దారం) ఒకటింపావు మీటరు, 40 గ్రాముల స్పూన్‌లు (చెంచాలా ఉండే లోహపు ఎరలు). పార చేపలకి అవి చాలు. ఎర వేస్తే 60 గ్రాముల సీసం గుండు. గుండుని 10 పౌండ్ల నాసిరకం దారంతో కట్టండి, రాళ్ళలో ఇరుక్కుంటే గుండు ఒక్కటే తెగిపోతుంది, మిగతాదంతా చేతికొస్తుంది.

వంజరం_వేట:
ఫ్లోరోకార్బన్ ఒక్కటే చాలంటే నేను ఒప్పుకోను. వంజరం పళ్ళు బ్లేడులే, స్పూన్‌కి దగ్గరలో ఒక అడుగు స్టీలు వైరు ఉండాల్సిందే. వైరు వేస్తే పారలు తక్కువ కొడతాయన్నది నిజమే, ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. డ్రాగ్ (చేప లాగితే దారం వదిలే రీల్ బ్రేకు) బలవంతంగా బిగించొద్దు. మీ బ్రెయిడ్ బలం 30 పౌండ్లంటే పదమూడున్నర కిలోలు, అందులో నాలుగో వంతు, అంటే మూడున్నర కిలోల దగ్గర స్ప్రింగ్ కాటాతో సరిచూసుకోండి. బ్రెయిడ్ సాగదు, అందుకే ఎక్కువ బిగిస్తే మొదటి పరుగులోనే ముడి దగ్గర తెగుతుంది.

గాలం_గోదారి:
ధన్యవాదాలండి. బోటు మానేస్తున్నాం. జూన్ 15 తర్వాత వస్తే బాగుంటుందా?

జాలారి_వీధి:
నిషేధం పోతుంది గానీ నైరుతి కెరటం పోదు, చిన్న పడవలో నరకమే. వానలకి గోస్తనీ బురద నీళ్ళు భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తాయి, అప్పుడు స్పూన్ దండగ. ఆ నీళ్ళలో బతికున్న రొయ్యతో పండుగప్పకి ప్రయత్నించడమే మంచిది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. బోటు కోసమైతే డిసెంబరు చివర నుంచి మార్చి దాకా ఉంచుకోండి. పడవ మీద రిజిస్ట్రేషన్ నంబరు రాసి ఉందా, మనిషికో లైఫ్ జాకెట్ ఉందా చూసుకుని, అప్పుడు బేరం మొదలుపెట్టండి.