ఎదిగే వయసు హాస్య డైరీలు: పిల్లలు నవ్వేచోట పెద్దలు ఎందుకు ఆగిపోతారు?

ప్రశ్న (చదువరి):

సూ టౌన్సెండ్ రాసిన ‘ఏడ్రియన్ మోల్ రహస్య డైరీ’ 1982లో వెలువడింది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఈ మధ్య దాన్ని పడీపడీ నవ్వుతూ చదవడం చూసి, కాలేజీ రోజుల్లో చదివిన ఆ పుస్తకాన్ని నేనూ మళ్ళీ తెరిచాను. ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరంలో ఉంటూ, తాను మేధావినని గట్టిగా నమ్మి, తన కవితలను బీబీసీకి పంపే పదమూడుం ముప్పావు ఏళ్ళ ఏడ్రియన్‌ను చూసి అప్పట్లాగే నవ్వుకున్నాను. అయితే తల్లి పక్కింటాయనతో వెళ్ళిపోవడం, తండ్రి ఉద్యోగం పోవడం వచ్చిన పేజీల దగ్గర ఈసారి మనసు కలుక్కుమంది. ఒకే పుస్తకం మా ఇద్దరికీ ఇంత వేరుగా అనిపించడం డైరీ రూపం వల్లనేనా? తెలుగులో దీనికి దగ్గరగా ఉన్న రచన ఏది?

సమాధానం (పాత పుస్తకాల అల్మారా):

చదువరి గారూ, డైరీ రూపం వల్లనే అని నా నమ్మకం. ఆత్మకథ రాసేవాడికి కథ చివర ఏం జరిగిందో ముందే తెలుసు. డైరీ రాసేవాడికి ఆ రాత్రి వరకే తెలుసు, రేపటి సంగతి తెలియదు. పక్కింటి లూకస్ గారు తన తల్లితో ఎందుకంత చనువుగా ఉంటున్నాడో ఏడ్రియన్‌కు అంతుపట్టదు కాబట్టి, చూసినది చూసినట్టు రాసి, వెంటనే గడ్డం మీద మొటిమ గురించిన దిగులులో పడతాడు. అతడు గ్రహించనిది మనం గ్రహిస్తాం. పిల్లలకు ఆ మొటిమ దగ్గర నవ్వు వస్తే, పెద్దలకు దాని పై వాక్యం దగ్గర గుండె బరువెక్కుతుంది.

గది గోడలకు నల్లరంగు వేసే ఘట్టం గమనించండి. పిల్లల కథల్లోని గంట టోపీ పాత్ర ‘నాడీ’ (Noddy) బొమ్మలున్న చిన్నప్పటి వాల్‌పేపర్ మీద ఎన్ని పూతలు వేసినా, నాడీ టోపీకున్న గంటలు బయటికి కనిపిస్తూనే ఉంటాయి. అతడు కూర్చుని ఆ గంటలను ఒక్కొక్కటిగా స్కెచ్ పెన్నుతో నల్లగా దిద్దుతాడు. బాల్యాన్ని చెరిపేయాలన్న తొందర, అది చెరగకపోవడం రెండూ ఆ గోడ మీదే ఉన్నాయి. రచయిత్రి ఒక్క మాట కూడా వివరించలేదు, అందుకే ఆ పేజీ నాకు అంత ఇష్టం.

సమాధానం (బొమ్మలకొలువు):

పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలనిపించింది. 2007లో పుస్తకంగా వచ్చిన జెఫ్ కిన్నీ ‘డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్’లో ఈ పనిలో సగం బొమ్మలు చేస్తాయి. డైరీ రాసే కుర్రాడు గ్రెగ్ తన తప్పేమీ లేదని రాస్తాడు, పక్కనే ఉన్న బొమ్మ అసలు జరిగినదాన్ని చూపిస్తుంది. చదవడమంటే బద్ధకించే పిల్లలు కూడా ఈ పుస్తకాన్ని వదలకపోవడానికి అదే కారణమని నేను అనుకుంటాను. అయినా నాకు ఏడ్రియనే ఎక్కువ ఇష్టం. గ్రెగ్ ఎప్పుడూ తన లాభమే చూసుకుంటాడు. ఏడ్రియన్ మాత్రం విసుక్కుంటూనే, బర్ట్ బాక్స్‌టర్ అనే ముసలాయన ఇంటికి వెళ్ళి ఆయన బాగోగులు చూస్తాడు. తాను మంచి పని చేస్తున్నానన్న ఎరుక కూడా అతడికి పెద్దగా ఉండదు.

సమాధానం (కృష్ణాతీరం):

తెలుగు మాట వచ్చింది కాబట్టి ముళ్ళపూడి వెంకటరమణ గారి ‘బుడుగు’ను తలచుకోక తప్పదు. బాపు గారి బొమ్మలతో వచ్చిన ఆ పుస్తకంలో బామ్మ, బాబాయి, సీగానపెసూనాంబ, ఇంటికొచ్చి ప్రైవేటు చెప్పే మాస్టార్లు అందరూ బుడుగు కళ్ళతోనే మనకు కనిపిస్తారు. పెద్దల గుట్టు పిల్లవాడి నోట అమాయకంగా బయటపడటం అక్కడా ఉంది. అయితే అది డైరీ కాదు. బుడుగు ఎదురుగా ఉన్నవారికి దర్జాగా చెబుతాడు, అడిగితే ఇంకా చెబుతాడు. ఏడ్రియన్‌కు వినేవాళ్ళు లేరు, ఆ ఒంటరితనమే ఆ పుస్తకంలోని హాస్యానికి బరువునిచ్చింది. పైగా బుడుగు చిన్నపిల్లవాడు. మీసాలు మొలిచే వయసులోని ప్రేమ, అవమానం, ఇంట్లో డబ్బు కటకట ఇవన్నీ రోజువారీగా నవ్విస్తూ చెప్పే డైరీ నవల మన భాషలోనూ రావాలని నా గట్టి కోరిక.

చదువరి:

అందరికీ కృతజ్ఞతలు. నాడీ గంటల పేజీ మళ్ళీ తీసి చూశాను, మీరన్నది నిజం. మా అమ్మాయి తరువాతి భాగాలు కూడా అడుగుతోంది, ఇవ్వవచ్చునా?

సమాధానం (పాత పుస్తకాల అల్మారా):

1984లో వచ్చిన రెండో భాగం తప్పకుండా ఇవ్వండి. మొదటి డైరీ ఎక్కడ ఆగిందో, ఆ 1982 ఏప్రిల్‌లోనే అది మొదలవుతుంది. అర్జెంటీనా ఆక్రమించిన ఫాక్‌లాండ్స్ దీవులు స్కాట్లాండ్ పక్కనే ఉన్నాయనుకుని మంచం మీది నుంచి ఒక్క ఉదుటున లేచిన తండ్రి, అవి ఎనిమిది వేల మైళ్ళ దూరమని కొడుకు చెప్పగానే మళ్ళీ దుప్పటి ముసుగుపెట్టే రోజులవి. ఆపై భాగాల్లో ఏడ్రియన్ పెద్దవాడవుతాడు, 2009 నాటి చివరి పుస్తకంలో జబ్బుతో కూడా పోరాడతాడు. వాటిని ముందు మీరు చదివి, అమ్మాయికి మరికొన్నేళ్ళు ఆగి ఇస్తే మంచిది.