ఆరు గంటలు దాటేలా ఉంటే పేగును వద్దనడం న్యాయమేనా?

నెల్లూరు అక్క, ప్రస్తుతం చెన్నై
పేగులకు వెళ్లే రక్తనాళంలో గడ్డకట్టి మా తమ్ముడికి చిన్నపేగు చాలావరకు తీసేశారు. రోజూ రాత్రి 7 గంటలకి పాలలా తెల్లగా ఉండే టీపీఎన్ (రక్తనాళంలోకి నేరుగా ఎక్కించే ఆహారం) సంచి స్టాండుకి తగిలించి, ఛాతీ దగ్గర లైనుకి కలుపుతాను. పొద్దున 7కి తీస్తాను. ఆ లైనుకి రెండుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. ఇప్పుడు కళ్లు పచ్చబడుతున్నాయి. పేగు మార్పిడి కోసం ఎదురుచూస్తున్నాం. పోయిన వారం వేరే ఊళ్లో దాత ఉన్నారన్నారు, బ్లడ్ గ్రూపు కలిసింది. పేగు ఐసులో ఉండే సమయం 6 గంటలు దాటుతుందని డాక్టర్లే వద్దన్నారు. కిడ్నీని 24 గంటలు కూడా ఐసు పెట్టెలో ఉంచుతారు కదా, పేగుని ఎందుకు ఉంచరు?

ఓటీ నర్సు, వడపళని
అక్కా, నేనైనా వద్దనే అంటాను. 4 డిగ్రీల చలిలో అవయవం చెడటం ఆగదు, నెమ్మదిస్తుంది అంతే. కిడ్నీ ఓర్చుకుంటుంది. పేగు లోపలి పొర ఓర్చుకోలేదు, ముందు ఊడేది అదే. పేగు నిండా బాక్టీరియా. పొర ఊడిన పేగులోకి రక్తం వదిలితే అవి ఒంట్లోకి పాకుతాయి. అప్పటికే రిజెక్షన్ (ఒళ్లు కొత్త పేగుని తిప్పికొట్టడం) రాకుండా ఇమ్యూనిటీ తగ్గించే మందులు పడుతుంటాయి, ఇక సెప్సిస్‌ని, అంటే ఒళ్లంతా విషమించే ఇన్ఫెక్షన్‌ని, ఎవరు ఆపాలి? పైగా లెక్క అంబులెన్స్ కదిలినప్పుడు మొదలవదు. దాత రక్తనాళానికి క్లాంప్ (రక్తం ఆపే పట్టు) వేసి చల్లటి ద్రావణం ఎక్కించినప్పటి నుంచి, మీ తమ్ముడి రక్తం అందులో పారేదాకా. నాళాలు కుట్టే సమయమూ ఆ 6 గంటల్లోనే.

బయోటెక్ విద్యార్థి, అడయార్
ఆ గడువు మారనిదేం కాదండీ. ద్రావణాన్ని రక్తనాళాల గుండా పంపుతున్నారు, పాడయ్యేదేమో లోపలి పొర. పేగు గొట్టం లోపల కూడా పాలిథిలీన్ గ్లైకాల్ ద్రావణం నింపితే పొర ఎక్కువసేపు నిలిచిందని జంతువుల మీద ప్రయోగాల్లో చూశారు. ఇక్కడ మనం గట్టిగా అడగాల్సింది అదే.

నెల్లూరు అక్క
సిస్టర్, మీరన్నది అర్థమైంది. కానీ ఆగడానికీ ఒక గడువుంది కదా. టీపీఎన్‌తో లివర్ పూర్తిగా పోతే అప్పుడు పేగుతోపాటు లివర్ కూడా కావాలంటారు. ఆ రెండూ ఒకే దాత నుంచి ఎప్పటికి దొరకాలి? వద్దన్న రోజున ఈ లెక్క కూడా వేశారా అని అడిగాను, ఎవరూ చెప్పలేదు.

ఓటీ నర్సు, వడపళని
అది మీరు అడగాల్సిందే, రాసి ఇమ్మని కూడా అడగండి. ఐసులో గంటలు పెంచమని మాత్రం నేను చెప్పలేను. అక్కడ దాతకి క్లాంప్ వేసే వేళకే ఇక్కడ మీ తమ్ముడు ఓటీలో సిద్ధంగా ఉండాలి. మీ ఇల్లు ఆసుపత్రికి ఎంత దూరం?

నెల్లూరు అక్క
ఆటోలో 20 నిమిషాలు. ఫైలు, బట్టలు సంచిలో సర్ది తలుపు పక్కనే పెట్టాను.