నాన్నగారి ఫోనుకి లాక్ తీసెయ్యనా, ఉంచనా?

చెరువుగట్టు_అబ్బాయి
మాది మొగల్తూరు పక్కన పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. నాన్నగారికి 64 ఏళ్ళు, రెండెకరాల వనామీ రొయ్యల చెరువు ఇంకా ఆయనే చూసుకుంటారు. కిందటి నెల ఓ రాత్రి రెండున్నరకి కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయి. జనరేటర్ కుర్రాడికి ఫోన్ చేద్దామంటే చేతులు తడి, వేలిముద్ర తీసుకోలేదు. పిన్ కొడితే ఒకటి నొక్కినచోట నాలుగు పడిందట. ఐదుసార్లు తప్పాక 30 సెకన్లు ఆగమంది. ఆ 30 సెకన్లూ ఫోను లుంగీకి తుడుస్తూ నిలబడ్డారు. మళ్ళీ కొడితే మళ్ళీ తప్పే. చివరికి చీకట్లో గట్టు మీద పరిగెత్తుకెళ్ళి కుర్రాణ్ణి లేపుకొచ్చారు. జనరేటర్ అందుకునేసరికి అంచుల్లో రొయ్య తేలడం మొదలైంది. నష్టం పెద్దగా లేదు గానీ, మర్నాడు నాకు ఫోన్ చేసి ఒకటే మాట: "ఈ తాళం తీసెయ్యరా. నా ఫోనులో ఏం రహస్యాలున్నాయని?"

పండక్కి వస్తున్నాను. అమ్మ కూడా తీసెయ్యమనే అంటోంది. మా ఆవిడ మాత్రం ససేమిరా అంటోంది. మీరేమంటారు?

వశిష్ఠ_ఒడ్డు
తీసెయ్యండి, ఆలోచించేదేముంది! ఆ మధ్య నర్సాపురం రేవు నుంచి సఖినేటిపల్లి వస్తుంటే పంటులో (రేవు దాటించే పడవ) ఒకాయన కళ్ళు తిరిగి పడిపోయాడు. జేబులో ఫోనుంది, దానికి తాళం. ఇంటికి కబురు చెబుదామంటే ఇరవైమందిమి ఉండీ ఒక్కరివల్లా కాలేదు. ఇవతలి ఒడ్డుకొచ్చాక సోడాబండి ఆయన గుర్తుపట్టి వాళ్ళ బావమరిదికి చెప్పాడు. పెద్దవాళ్ళ ఫోను అవసరానికి పదిమందికీ తెరుచుకోవాలండి. మా లంకలో పగలు వీధి తలుపే వెయ్యం.

పాలకొల్లు_రిపేరు
వీధి తలుపు వెయ్యరు సరే, బీరువాకి కూడా వెయ్యరా బాబాయ్ గారూ?

పన్నెండేళ్ళుగా సెల్ షాపు నడుపుతున్నాను. "యూపీఐ పిన్ వేరేగా ఉందిగా, లాక్ ఎందుకు" అని రోజుకొకరైనా అంటారు. ఆ పిన్ మార్చాలంటే ఏం కావాలో చూడండి. ఏటీఎం కార్డు మీది చివరి 6 అంకెలు, గడువు తేదీ, ఫోనుకొచ్చే ఓటీపీ. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి, అన్నీ అడగవు. ఇప్పుడు మీ నాన్నగారి గ్యాలరీ తెరవండి. మేత కొట్టుకో, కొడుక్కో వాట్సాప్‌లో పంపిన కార్డు ఫొటో ఉంటుంది. పక్కనే ఆధార్ ఫొటో, పాస్‌బుక్ మొదటి పేజీ. ఓటీపీ వచ్చే సిమ్ అందులోనే. లాక్ లేని ఫోను దొరికినవాడికి ఇంకేం కావాలి? దొంగ పెద్ద చదువు చదివినవాడు కానక్కర్లేదు.

ఆ సంగతి అలా ఉంచి, యూపీఐ లైట్ (చిన్న చెల్లింపులకి యాప్‌లో విడిగా ఉంచే డబ్బు) పెట్టుకుంటే ఒక్కో దఫాకి 1,000 రూపాయల దాకా ఎవరు నొక్కినా పిన్నే అడగదు. అందులో 5,000 దాకా నిల్వ ఉంచుకోవచ్చు.

పంటు సంగతికొస్తే, దానికి లాక్ తియ్యక్కర్లేదండి. సెట్టింగ్స్‌లో అత్యవసర సమాచారం అని ఉంటుంది. అక్కడ ఇంటివాళ్ళ నంబర్లు పెడితే లాక్ తెరవకుండానే ఎవరైనా వాళ్ళకి ఫోన్ చెయ్యొచ్చు. 112కి ఎలాగూ వెళ్తుంది. ఇంకా సులువు కావాలంటే లాక్ స్క్రీన్ మీదే "మా అబ్బాయి నంబరు ఇది" అని రాసుకోవచ్చు. నా షాపుకొచ్చే పెద్దవాళ్ళకి డబ్బులు తీసుకోకుండా పెట్టిస్తున్నాను.

వశిష్ఠ_ఒడ్డు
ఆ సమాచారం అక్కడుంటుందని పంటులో ఉన్న ఇరవైమందిలో ఎవడికి తెలుసండీ? నాకే ఇప్పుడు తెలిసింది.

పాలకొల్లు_రిపేరు
అది మాత్రం నిజమే.

డ్వాక్రా_లీడరు
ఇందాకట్నుంచీ దొంగల గురించే మాట్లాడుతున్నారు. నా ఫోనులో మా గ్రూపు పదిమంది ఆధార్లున్నాయి, ఎవరికి ఎంత అప్పుందో కూడా ఉంది. ఒకావిడ మొగుడి మీద చెప్పుకున్న వాయిస్ మెసేజులున్నాయి. ఇంట్లో లాక్ పెట్టుకుంటే మా అత్తగారు "ఏం దాస్తున్నావమ్మా" అన్నారు. నావి కాదత్తయ్యా, పదిమందివి దాస్తున్నాను అన్నాను. నాన్నగారి ఫోనులో రహస్యాలు లేకపోవచ్చు. ఆయనకి మెసేజులు పెట్టినవాళ్ళకి ఉండవా?

కొబ్బరితోట
అక్కా, దండం. పాయింటు చెప్పావు.

కాకినాడ_సాఫ్ట్
లాక్ తియ్యనక్కర్లేదు, ఆండ్రాయిడ్‌లో నమ్మకమైన ప్రదేశం అనే సౌకర్యం ఉంది. చెరువు దగ్గర షెడ్డుని అలా గుర్తు పెడితే, చుట్టూ ఇంచుమించు 80 మీటర్ల దాకా ఫోను తెరిచే ఉంటుంది. బజారుకి వెళ్తే మామూలుగా లాక్ పడుతుంది. సమస్య తీరిపోయింది.

పాలకొల్లు_రిపేరు
తీరలేదు తమ్ముడూ. 4 గంటలు ముట్టుకోకపోతే మళ్ళీ లాక్ అడుగుతుంది, నువ్వు చెప్పిన చోటున్నా సరే. ఆయన పది గంటలకి చెక్ ట్రే (రొయ్య మేత తింటోందా అని చూసే పళ్ళెం) చూసి పడుకుని ఉంటారు. కరెంటు పోయింది రెండున్నరకి. లెక్క చూసుకో.

కాకినాడ_సాఫ్ట్
ఔను, అది మర్చిపోయాను.

ఆకివీడు_రైతు
నేనూ చెరువు రైతునే. తడి వేళ్ళ బాధ మాకు తెలుసు గానీ హైదరాబాద్‌లో ఏసీ గదుల వాళ్ళకి తెలీదు. (అబ్బాయిని అనట్లేదు, ఏమనుకోకండి.) సున్నం, మేత, ఉప్పునీళ్ళు కలిసి ఏడాది తిరిగేసరికి వేలి మీద గీతలే అరిగిపోతాయి. రేషన్ షాపులో మిషనుకే దిక్కు లేదు. నేనేం చేశానంటే, పొద్దున్నే చెరువులో పని అయ్యి చెయ్యి నానిపోయి ఉన్నప్పుడు అదే బొటనవేలు ఇంకోసారి నమోదు చేశాను. ఎడమచేతి చూపుడువేలు కూడా. పదిసార్లలో ఏడెనిమిది సార్లు తెరుచుకుంటోంది. మిగతా రెండుమూడు సార్లూ తిట్టుకోవడమే.

టార్చికీ, కెమెరాకీ, వచ్చిన కాల్ ఎత్తడానికీ లాక్ అడ్డం రాదని కొంతమంది పెద్దోళ్ళకి తెలీదు. అది చెప్పినా సగం చిరాకు తగ్గుతుంది. మనం ఫోన్ చెయ్యాల్సి వచ్చినప్పుడే పేచీ.

వశిష్ఠ_ఒడ్డు
ఇన్ని తిప్పలెందుకండీ, లాక్ తీసేసి డబ్బులున్న యాప్‌లకి విడివిడిగా లాక్ పెట్టుకుంటే పోలా?

పాలకొల్లు_రిపేరు
స్క్రీన్ లాక్ తీసేస్తే వేలిముద్రలు కూడా చెరిగిపోతాయండి. కొన్ని చెల్లింపు యాప్‌లు ఆ స్క్రీన్ లాకునే వాడుకుంటాయి, అది లేకపోతే మొరాయిస్తాయి. మెసేజుల్లోకొచ్చే ఓటీపీ బయటే ఉండిపోతుంది. అలాగే చేస్తానంటే సిమ్‌కైనా పిన్ పెట్టండి. ఫోను ఆపి పెట్టినప్పుడూ, సిమ్ ఇంకో ఫోనులో వేసినప్పుడూ మాత్రమే అడుగుతుంది, రోజూ విసిగించదు. ముందు కంపెనీవాళ్ళ డిఫాల్ట్ పిన్ ఏమిటో కనుక్కోండి. మూడుసార్లు తప్పితే పీయూకే (సిమ్ తాళం విప్పే కోడ్) అడుగుతుంది, అదీ 10 సార్లు తప్పారా, ఆ సిమ్ ఇక చెత్తబుట్టకే. నిజానికి లాక్ ఉన్నవాళ్ళు కూడా పెట్టుకోవాల్సిందే ఇది. సిమ్ పీకి ఇంకో ఫోనులో వేస్తే మీ స్క్రీన్ లాకు దానికి కాపలా కాయదు.

కొబ్బరితోట
డబ్బు పోతే బ్యాంకు ఇవ్వదా?

డ్వాక్రా_లీడరు
మా గ్రూపు మీటింగులో బ్యాంకాయన చెప్పారు. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మన నిర్లక్ష్యం వల్ల పోతే బ్యాంకుకి చెప్పేదాకా పోయిందంతా మనదే. చెప్పాక పోయింది వాళ్ళది. అంచేత ముందు బ్యాంకుకీ, సైబర్ మోసాల నంబరు 1930కీ ఫోన్ చెయ్యాలి, ఏడుపు తర్వాత. లాక్ తీసెయ్యడం నిర్లక్ష్యమా కాదా అని మేనేజరు ముందు నిలబడి వాదించే ఓపిక నాకైతే లేదు.

ఆకివీడు_రైతు
అబ్బాయ్, ఒక్క మాట. గట్టు మీదకి టచ్ ఫోను ఎందుకసలు? బటన్ ఫోను ఒకటి కొనివ్వు. 2 నొక్కి పట్టుకుంటే జనరేటర్ కుర్రాడు, 3 నొక్కితే లైన్‌మాన్. తడి చెయ్యైనా బురద చెయ్యైనా పలుకుతుంది. టచ్ ఫోను ఇంట్లో లాక్ వేసుకుని కూర్చోబెట్టు. రొయ్య ఫొటోలు పగలు పంపుకోవచ్చు, రాత్రి రెండున్నరకి కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎవడడుగుతాడు?

వశిష్ఠ_ఒడ్డు
ఆయ్, ఇది బాగుంది. నేను ఒప్పేసుకున్నాను. మా ఇంట్లో మాత్రం లాక్ పెట్టను.

చెరువుగట్టు_అబ్బాయి
పండగైపోయింది, ఏం చేశానో చెబుతున్నాను. బటన్ ఫోను కొన్నాం. నాన్నగారు దాన్ని లుంగీ మడతలో దోపుకుని తిరుగుతున్నారు. టచ్ ఫోనుకి లాక్ ఉంచాను, తడిచేతి బొటనవేలు కూడా నమోదు చేశాను, గ్యాలరీలో కార్డు ఫొటోలు మూడు దొరికితే తీసేశాను. కొత్త పిన్ ఆయనే పెట్టుకున్నారు. రహస్యాలేం లేవన్న మనిషి ఇప్పుడు ఆ పిన్ అమ్మకి కూడా చెప్పడం లేదు, దాని మీద వేరే గొడవ నడుస్తోంది.

పాలకొల్లు_రిపేరు
సంతోషం. బటన్ ఫోనులో ఏ సిమ్ వేశారు? ఓటీపీలొచ్చే బ్యాంకు నంబరుది కాదు కదా?

చెరువుగట్టు_అబ్బాయి
అదే వేశామండి. అందరి దగ్గరా ఉన్నది ఆ నంబరేనని.

పాలకొల్లు_రిపేరు
బాబూ…

చెరువుగట్టు_అబ్బాయి
ఇప్పుడే ఇంటికి ఫోన్ చేస్తున్నాను. ఎత్తట్లేదు, చెరువు దగ్గరున్నట్టున్నారు.