కాంట్రాక్ట్ లా అసైన్‌మెంట్: కన్సిడరేషన్ దగ్గర ఆగిపోయాను, ఎవరైనా చెప్పండి

తెనాలి పిల్ల:
అందరికీ నమస్కారం. నేను యూకేలో ఎల్ఎల్‌బీ మొదటి సంవత్సరం. మధ్యాహ్నం నుంచి ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నా, ఒక్క పేరా కూడా కదలడం లేదు. ఒక వడ్రంగి కలప వ్యాపారికి 8,000 పౌండ్లు బాకీ. వ్యాపారి ఫోన్ చేసి "ఆరు వేలు కట్టేయ్, మిగతాది వదిలేస్తున్నా" అన్నాడు. వడ్రంగి అదే రోజు కట్టేశాడు. ఆర్నెల్ల తర్వాత వ్యాపారి ఆ రెండు వేలూ ఇమ్మంటున్నాడు. వడ్రంగికి సలహా ఇవ్వాలి. ఫ్రెండ్ ఇచ్చిన పుస్తకం, యూట్యూబ్ వీడియోలు అన్నీ "కన్సిడరేషన్ (ఇచ్చిన మాటకి బదులుగా అవతలివాళ్లు ఇచ్చేది) లేదు, కట్టాల్సిందే" అంటున్నాయి. మా లెక్చర్ నోట్స్‌లో కన్సిడరేషన్ మీద అసలు చాప్టరే లేదు, "ప్రామిస్" అని ఒకటి ఉందంతే. ఏది రాయాలి? రేపు పన్నెండింటికి సబ్మిషన్. చాలా టెన్షన్‌గా ఉంది.

లీడ్స్ లా:
ఫోక్స్ వర్సెస్ బీర్, 1884. బాకీలో కొంత కట్టినంత మాత్రాన మిగతాది పోదన్న కేసు. చదువు.

తెనాలి పిల్ల:
చదివాను అన్నా. నోట్స్‌లో ఆ కేసు లేదు. అదే నా బాధ.

వైజాగ్ వకీలు:
అమ్మా, ఇది 1602 నాటి పిన్నెల్ కేసు నుంచి ఇంగ్లిష్ వాళ్లు వదలకుండా పట్టుకున్న రూల్. బాకీలో కొంత తీసుకుని మిగతాది వదిలేస్తానంటే ఆ మాట చెల్లదు. అదే డబ్బుకు బదులు ఒక గుర్రమో, డేగో, అంగీయో ఇస్తే చెల్లుతుంది! మన 1872 కాంట్రాక్ట్ చట్టంలో 63వ సెక్షన్ చూడు. అయిదు వేల బాకీకి రెండు వేలు కట్టి, అవతలివాడు పూర్తి బాకీ కింద ఒప్పుకుని తీసుకుంటే బాకీ మొత్తం తీరినట్టేనని ఉదాహరణతో సహా రాసి ఉంది. చిన్నయ్య వర్సెస్ రామయ్య, 1882, మద్రాస్ హైకోర్టు కూడా చదువు. కన్సిడరేషన్ ఇచ్చేది మాట పుచ్చుకున్నవాడే కానక్కర్లేదు, ఇంకెవరైనా ఇవ్వొచ్చని అందులో తేల్చారు. మన చట్టం ఎంత విశాలమో తెలుస్తుంది.

లీడ్స్ లా:
సార్, ఆవిడ రాసేది యూకే పరీక్షకి. 63వ సెక్షన్ రాస్తే మార్కులు రావు.

వైజాగ్ వకీలు:
పోల్చి రాయమన్నాను బాబూ. పోలిక లేకుండా న్యాయశాస్త్రం ఎలా అర్థమవుతుంది?

లీడ్స్ లా:
ప్రాబ్లం క్వశ్చన్‌లో పోలికకి చోటు ఉండదు సార్. విషయం, రూల్, దాన్ని ఈ వాస్తవాలకు అన్వయించడం, ముగింపు, అంతే. తెనాలి పిల్లా, క్రమం ఇది: ముందు ఫోక్స్. తర్వాత విలియమ్స్ వర్సెస్ రాఫీ, 1991, ఒప్పుకున్న పనికే ఇంకా ఎక్కువ ఇస్తానన్న మాట చెల్లుతుందన్న కేసు. అది బాకీ తగ్గింపుకి వర్తించదని సెలెక్ట్‌మూవ్, 1995 కేసులో అన్నారు. తర్వాత 1947 హై ట్రీస్, ప్రామిసరీ ఎస్టాపెల్, అంటే అవతలివాడు నమ్మి నడుచుకున్న మాటని వెనక్కి తీసుకోనివ్వని సూత్రం. చివర్లో డీ అండ్ సీ బిల్డర్స్ వర్సెస్ రీస్, 1966. 482 పౌండ్ల బాకీకి 300 తీసుకోమని ఒత్తిడి పెట్టినవాళ్లకి ఎస్టాపెల్ దక్కలేదు. నీ వడ్రంగి ఒత్తిడి పెట్టలేదు, ఆ తేడా రాయి. ఫుట్‌నోట్లు ఆస్కోలా పద్ధతిలో, కేసు పేర్లు ఇటాలిక్స్‌లో.

కృష్ణాతీరం:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా అబ్బాయి విషయంలో పడ్డ తిప్పలతో చెబుతున్నా. ఇంటర్ అయిపోగానే అక్కడ నేరుగా మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేసి వస్తే మన బార్ కౌన్సిల్ లాయర్‌గా నేరుగా ఎన్‌రోల్ చేయదు. రెండేళ్ల బ్రిడ్జి కోర్సు, ఆ తర్వాత క్వాలిఫైయింగ్ పరీక్ష. అడ్మిషన్ ఇప్పించే ఏజెంట్లు ఈ మాట చెప్పరు. అమ్మా, మీ యూనివర్సిటీ బార్ కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో చూసుకున్నారా? మీది మూడేళ్లదా?

తెనాలి పిల్ల:
నాలుగేళ్లు అంకుల్. అది తర్వాత చూసుకుంటా, ముందు ఈ అసైన్‌మెంట్ గట్టెక్కాలి.

ఎడింబరో అక్క:
నాలుగేళ్లా? యూనివర్సిటీ ఏ ఊళ్లో?

తెనాలి పిల్ల:
గ్లాస్గో అక్కా. ఎందుకు?

ఎడింబరో అక్క:
అయితే పై కేసులన్నీ పక్కన పెట్టెయ్. నువ్వు చదివేది స్కాట్స్ లా. ఇక్కడ కాంట్రాక్ట్‌కి కన్సిడరేషన్ అక్కర్లేదు. కట్టుబడే ఉద్దేశంతో ఇచ్చిన మాట అవతలివాళ్ల నుంచి ఏమీ రాకపోయినా చెల్లుతుంది. నీ నోట్స్ సరిగ్గానే ఉన్నాయి, ఆ పుస్తకం ఇంగ్లండ్‌ది.

లీడ్స్ లా:
మొదటే చెప్పాల్సింది. అయినా యూకే లా అంటే అందరూ ఇంగ్లిష్ లా అనే అర్థంలోనే వాడతారు. సుప్రీంకోర్టు ఒకటే కదా.

ఎడింబరో అక్క:
యూకే కాంట్రాక్ట్ లా అనేది లేదు బాబూ. 1707లో పార్లమెంట్లు కలిశాయి కానీ స్కాట్లండ్ కోర్టులు, ప్రైవేట్ లా అలాగే ఉండిపోయాయి. సివిల్ అప్పీళ్లు లండన్ సుప్రీంకోర్టుకి వెళ్లినా అక్కడ తేల్చేది స్కాట్స్ లా ప్రకారమే. అందరూ చదివే డోనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్ కూడా పైస్లీ ఊళ్లో మొదలైన స్కాటిష్ కేసే.

వైజాగ్ వకీలు:
సీసాలో నత్త కేసా! ఇన్నేళ్లూ దాన్ని టార్ట్ (ఒకరి తప్పు వల్ల నష్టపోతే పరిహారం ఇప్పించే చట్టం) కిందే చదివాం.

ఎడింబరో అక్క:
ఇక్కడ డెలిక్ట్ అంటారు సార్. తెనాలి పిల్లా, నీ ప్రశ్నలో అసలు పట్టు ఫోన్ మాట దగ్గరుంది. ఉత్తినే ఇచ్చే ఏకపక్ష మాటకి కాగితం ఉండాలని 1995 నాటి రిక్వైర్‌మెంట్స్ ఆఫ్ రైటింగ్ చట్టం 1వ సెక్షన్ చెబుతుంది. కానీ వ్యాపారంలో భాగంగా ఇచ్చిన మాటకి ఆ షరతు లేదు. ఇతను కలప వ్యాపారి, ఇది కలప బాకీ. ఇక్కడ ఒక పేరా ఖర్చు పెట్టు. ఆ తర్వాత, కట్టుబడాలనే అన్నాడా, మాటవరసకి అన్నాడా? 2013లో రీగస్ వర్సెస్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ కేసులో ఉత్తరం రాతపూర్వకంగా ఉన్నా అది ప్రామిస్ కాదన్నారు. నీ కేసులో మాటలు సూటిగా ఉన్నాయి, అవతలివాడు వెంటనే కట్టాడు కూడా. వ్యాపారి అసలు ఆ మాటే అనలేదంటే ఎలా రుజువు చేయాలో కూడా రాయి. ఫోక్స్ పేరు ఎత్తొద్దు.

లీడ్స్ లా:
తేడా చూపించడానికి ఒక వాక్యం రాస్తే తప్పేముంది?

ఎడింబరో అక్క:
మాటల లిమిట్ ఎంత?

తెనాలి పిల్ల:
1,500. సరే అక్కా, మొదటి నుంచి రాస్తున్నా. థాంక్స్.

కృష్ణాతీరం:
ఈ నాలుగేళ్ల డిగ్రీకి బ్రిడ్జి కోర్సు కావాలా వద్దా, ఎవరికైనా తెలుసా?