వేర్లు నీటిలోనే ఉన్నా మొక్కలు వాడిపోతున్నాయి: తుంపర పద్ధతికి మారాలా?

నీటిపంట (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మట్టి వాడకుండా, పోషకాలు కరిగించిన నీటి తొట్టిలో లెట్యూస్ పెంచుతున్నాను. తొట్టిపై రంధ్రాలున్న పలకలో మొక్కలు నిలబడి ఉంటాయి, వేర్లు మొదలు నుంచి చివరి వరకు ద్రావణంలో మునిగి ఉంటాయి. నారు దశలో చక్కగా ఎదిగిన మొక్కలు ఆకులు బాగా విచ్చుకొనే సమయానికి మధ్యాహ్నం వేళల్లో వాడిపోయి, సాయంత్రానికి మళ్ళీ తేరుకుంటున్నాయి. వేర్లు తెల్లదనం పోగొట్టుకొని గోధుమ రంగుకు తిరిగాయి, ముట్టుకుంటే కొద్దిగా జిగురుగా ఉన్నాయి. పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) 6 దగ్గర, ఈసీ (కరిగిన లవణాల మోతాదును తెలిపే విద్యుత్ వాహకత) 1.6 దగ్గర నిలకడగా ఉన్నందున పోషకాల లోపమని అనుకోవడం లేదు. పగటిపూట ద్రావణం ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు చేరుతోంది. వేర్లను గాలిలో వేలాడదీసి వాటిపై ద్రావణాన్ని తుంపరగా చల్లే ఏరోపోనిక్స్‌కు మారితే ఈ ఇబ్బంది తీరుతుందా, లేక ఉన్న తొట్టినే సరిచేసుకోవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

వేరుచాటు:
నీటిపంట గారూ, మీరు చెప్పిన లక్షణాలన్నీ వేర్లకు ఆక్సిజన్ చాలడం లేదనే సూచిస్తున్నాయి. వేరు నీటిని, లవణాలను పీల్చుకోవడానికి శక్తి కావాలి, ఆ శక్తి వేరు కణాల శ్వాసక్రియ నుంచి వస్తుంది. ఆక్సిజన్ తగ్గితే వేరు లోపలికి నీరు వెళ్ళే దారులు మూసుకుపోతాయి కాబట్టి, చుట్టూ నీరున్నా మొక్క దాన్ని తీసుకోలేక, ఆకుల నుంచి ఆవిరి ఎక్కువగా పోయే మధ్యాహ్నం వేళ వాడిపోతుంది.

ఇక్కడ ఉష్ణోగ్రత పాత్ర చాలా పెద్దది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు పడిపోతుంది. అదే వేడిలో వేర్ల శ్వాసక్రియ వేగం పెరుగుతుంది, అంటే అవసరం పెరిగే సమయంలోనే సరఫరా తగ్గుతుంది. లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుందని, పైగా కదలని నీటిలో అది వ్యాపించే వేగం గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు తక్కువని గుర్తుంచుకుంటే, నిశ్చలంగా ఉన్న తొట్టిలో వేర్ల అవస్థ అర్థమవుతుంది. అలా నీరసించిన వేర్లనే పిథియం వంటి వేరుకుళ్ళు తెగులు సులభంగా పట్టుకుంటుంది. మీరు చెప్పిన జిగురు దాని ఆరంభం కావచ్చు.

ముందుగా ఎయిర్ పంపుతో ద్రావణంలోకి గాలి బుడగలు పంపండి, తొట్టిని తెల్లటి లేదా వెండి రంగు పూతతో కప్పి ఎండ తగలకుండా చూడండి, వీలైతే ద్రావణం పరిమాణం పెంచండి. నీరు ఎక్కువైన కొద్దీ అది నిదానంగా వేడెక్కుతుంది. బుడగలు ఎన్ని పంపినా ఆ ఉష్ణోగ్రత వద్ద నీరు ఇముడ్చుకోగలిగినంత ఆక్సిజనే నిలుస్తుంది కనుక, చల్లబరచడాన్ని రెండో పనిగా వాయిదా వేయకండి.

తుంపరసాగు:
పై వివరణతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, అయితే ఏరోపోనిక్స్ గురించి అడిగారు కనుక ఆ వైపు కొంత చెప్పాలి. 1957లో వృక్షశాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ కాఫీ, టమాటా మొక్కల వేర్లను పొగమంచు వంటి తుంపరలో పెంచి ఈ పద్ధతికి ఆ పేరు పెట్టారు. వేరుకు గాలి పుష్కలంగా అందడంలో దీనికి సాటి వచ్చేది లేదు, ఆ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. కానీ దీనిలో వేరు చుట్టూ నిల్వ నీరు ఉండదు. పంపు ఆగినా, కరెంటు పోయినా, వేడి వాతావరణంలో వేర్లు చాలా త్వరగా ఎండిపోతాయి. తొట్టిలోని మొక్కకు అటువంటి ఆపద అంత వేగంగా రాదు.

మరొక చిక్కు నాజిళ్ళది. దాదాపు 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తుంపర రావాలంటే రంధ్రం చాలా సన్నగా ఉండాలి, అందులో చిన్న లవణపు రేణువు చేరినా మూసుకుపోతుంది. కాల్షియం నైట్రేట్‌ను, సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు ఉన్న లవణాలను చిక్కటి ద్రావణాలుగా ఒకేచోట కలిపితే అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది. అందుకే వాటిని రెండు వేర్వేరు డబ్బాల్లో ఉంచి, విడివిడిగా నీటిలో పలుచన చేయాలి. తొట్టి పద్ధతిలో ఇది పోషకాల నష్టంతో పోతుంది, తుంపరలో మాత్రం వ్యవస్థ మొత్తం ఆగిపోతుంది. వడపోత, టైమర్, కరెంటు లేనప్పుడు నడిపే ఏర్పాటు, ఈ మూడూ సిద్ధంగా లేనివారికి నేను దీన్ని సూచించను.

నీటిపంట:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక చిన్న సందేహం మిగిలింది. నీటి మట్టాన్ని కొంత తగ్గించి వేర్ల పైభాగాన్ని గాలిలో ఉంచితే, పంపు లేకుండానే కొంత మేలు జరుగుతుందా?

వేరుచాటు:
తప్పకుండా జరుగుతుంది. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఈ సూత్రంపైనే నడుస్తుంది: మొక్క తాగుతున్న కొద్దీ నీటి మట్టం దిగుతుంది, పైన ఏర్పడిన తేమగల ఖాళీలో గాలి నుంచి నేరుగా ఆక్సిజన్ తీసుకొనే వేర్లు పుడతాయి. అయితే మట్టాన్ని ఒక్కసారిగా తగ్గించకుండా నెమ్మదిగా దించండి, ఎందుకంటే ఇంతవరకు మునిగి పెరిగిన వేర్లు పొడిగాలిని వెంటనే తట్టుకోలేవు. గాలివేర్లు వచ్చాక తొట్టిని మళ్ళీ నిండుగా నింపకూడదు. అలా నింపితే ఆ వేర్లు ఊపిరాడక చనిపోతాయి, మొక్క మునుపటి కంటే అధ్వాన్న స్థితికి చేరుతుంది.

గోధుమ రంగుకు తిరిగిన పాత వేర్లు మళ్ళీ తెల్లబడతాయని ఎదురుచూడవద్దు. కుళ్ళి జారిపోతున్న వాటిని కత్తిరించి, ద్రావణం మార్చి, తొట్టిని శుభ్రంగా కడగండి. ఆ తర్వాత వేరు మొదలు దగ్గర కొత్త తెల్లటి కొనలు కనబడుతున్నాయా లేదా అన్నది గమనించండి. అవి వస్తుంటే తుంపర పద్ధతి అవసరం లేదు, రాకపోతే ఉష్ణోగ్రతను మరోసారి కొలిచి ఇక్కడ తెలియజేయండి.