‘తివిరి యిసుమున’: ఇందులో పిండడం ఎక్కడుంది?

హనుమకొండ సభ్యుడు:
సభ్యులందరికీ నమస్కారం. మూలశిలల్లోనే, అంటే చమురు పుట్టిన రాళ్లలోనే, చిక్కుకుపోయిన చమురును అంచనా కట్టే పద్ధతుల గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తూ, దానికి భర్తృహరి నీతిశతకాన్ని తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి పద్యపాదాన్ని శీర్షికగా పెట్టాలనుకున్నాను. మా పెద్దలు ఆ పాదాన్ని ‘తిరిగి యిసుమున’ అని చదివేవారు. అచ్చు ప్రతిలో ‘తివిరి యిసుమునఁ దైలంబు దీయవచ్చు’ అని కనిపిస్తున్నది. భర్తృహరి సంస్కృత మూలంలో ‘యత్నతః పీడయన్’ (ప్రయత్నంతో పిండుతూ) అని రెండు మాటలున్నాయి. ‘తివిరి’ అన్న ఒక్క మాటలో ఆ రెండూ ఇమిడాయా, లేక పిండడాన్ని కవి వదిలిపెట్టాడా? నా వ్యాసానికి పిండడమే ముఖ్యం కనుక అడుగుతున్నాను.

జనగామ సభ్యురాలు:
ఛందస్సు సగం దూరమే తోడు వస్తుంది. తేటగీతిలో నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం. అక్కడ ‘దీ’ ఉంది. ‘తివిరి’, ‘తిరిగి’ రెండూ మూడు లఘువులే, రెండింటికీ యతి కుదురుతుంది. రెండో పాదంలోని ‘తవిలి’ని ఎవరైనా ఇక్కడికి తెస్తే మాత్రం స్వరమైత్రి చెడుతుంది. ‘తిరిగి’ మూడో పాదానిది, మూలంలోని ‘పర్యటన్’కు తెలుగు. కుందేటి కొమ్ము కోసం తిరగాలి గాని ఇసుక దగ్గర తిరగవలసిన పని లేదు. కాబట్టి ‘తివిరి’ సరైన పాఠమే. అయితే నిఘంటువులు ‘తివురు’కు ప్రయత్నించు, కోరు అనే అర్థాలే ఇస్తాయి, పిండు అనే అర్థం నాకు ఎక్కడా కనబడలేదు.

మంచిర్యాల సభ్యుడు:
గోదావరి లోయలో బొగ్గు అన్వేషణ కోర్లను, అంటే తవ్వి తీసిన రాతి కడ్డీలను, ఏళ్ల తరబడి పరిశీలించినవాడిగా నా అభిప్రాయం చెబుతాను. ఇక్కడ బరువంతా ‘తివిరి’ మీద కాదు, ‘తీయవచ్చు’ మీద ఉన్నది. ఇసుకరాయి నుండి చమురు తీయడం ప్రపంచమంతటా జరుగుతున్న పని. దాని రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కనుక చమురు కదులుతుంది. కష్టం మూలశిలతోనే. అక్కడ సేంద్రియ పదార్థం కెరోజెన్‌గా, అంటే ద్రావణుల్లో కరగని ఘన పదార్థంగా, మారి, వేడికి పక్వమై, చమురును పుట్టిస్తుంది. పుట్టిన చమురులో కొంత పైపొరలకు వలసపోతుంది, మిగిలినది ఆ బిగువైన రాతిలోనే ఉండిపోతుంది. దానిని కొలవడానికి రాతిపొడిని రాక్-ఎవాల్ అనే యంత్రంలో పెట్టి వేడి చేస్తారు. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర వెలువడే స్వేచ్ఛా హైడ్రోకార్బన్లను ఎస్1 అంటారు. ఆపై నిమిషానికి 25 డిగ్రీల చొప్పున వేడిని పెంచినప్పుడు కెరోజెన్ విచ్ఛిన్నమై ఇచ్చేది ఎస్2.

చాలామంది ఎస్1 ఎక్కువగా ఉన్న రాయిని చూసి సంతోషిస్తారు, అది తొందరపాటు. సేంద్రియ కర్బనం 4 శాతం ఉండి, ఎస్1 గ్రాము రాతికి 3 మిల్లీగ్రాములు ఉన్న నమూనాను తీసుకుందాం. గ్రాము కర్బనానికి లెక్కిస్తే చమురు 75 మిల్లీగ్రాములే అవుతుంది. కర్బనం 1 శాతమే ఉండి ఎస్1 1.5 ఉన్న మరో రాతిలో అది 150. ఈ సూచిక 100 దాటితేనే చమురు బయటకు వచ్చే అవకాశం ఉన్నదని భావిస్తారు, ఎందుకంటే కెరోజెన్ తాను పుట్టించిన చమురులో కొంత తనకే అంటిపెట్టుకుంటుంది. మొదటి రాతిలో చమురు రెండింతలు ఉన్నా వచ్చేది రెండో రాతి నుండే. ఉండడం వేరు, తీయగలగడం వేరు అన్న తేడాను ‘తీయవచ్చు’ అనే క్రియ పట్టుకున్నంతగా మరే మాటా పట్టుకోలేదు.

కరీంనగర్ సభ్యుడు:
మంచిర్యాల వారి వివరణ విలువైనదే గాని పద్యం మీద మోయరాని బరువు పెడుతున్నది. మూలంలో ‘తైలమపి’ (నూనెనైనా) అని ఉంది. ఆ ‘అపి’ అసంభవాన్ని సూచిస్తుంది. నూనె బొత్తిగా లేని ఇసుకను పిండినా నూనె రావచ్చు గాని మూర్ఖుని మనసు మారదని కవి భావం. అది ఏటి ఇసుక, చమురు నిండిన ఇసుకరాయి కాదు. పైగా తిలల నుండి వచ్చేది తైలం. నువ్వుల నెయ్యి నూనె. భూమిలోనిదానికి మనకు చమురు అనే మాట ఉండగా తైలం పేరుతో శీర్షిక ఎందుకు?

హనుమకొండ సభ్యుడు:
అసంభవం అనే భావం వల్లనే ఆ పాదం నాకు కావలసి వచ్చింది. అమెరికాలోని బాకెన్ పొరలలో పైనా కిందా సేంద్రియ పదార్థం నిండిన షేల్ అనే పలకల బంకరాయి, మధ్యన డోలమైట్ కలిసిన బిగువైన పొర ఉన్నాయి. అడ్డంగా తవ్విన బావులు, నీటి ఒత్తిడితో రాతిని చీల్చే పద్ధతి వచ్చేవరకు వాటిలోని చమురు పెద్ద మొత్తంలో చేతికి రాలేదు. గానుగలో గింజను నలిపి నూనె తీస్తాం, ఇక్కడ ఒత్తిడిని లోపలికి పంపి దారి తెరుస్తాం. అందుకే ‘పీడయన్’ అన్న మాటను వదులుకోలేకపోతున్నాను.

ములుగు సభ్యురాలు:
ఒక్క లక్ష్మణకవి దగ్గరే ఆగిపోవడం మన ప్రాంతపు పాఠకులకు తగదు. ఆయనకంటే ముందే మన జటప్రోలు సంస్థానపు కవి ఏలకూచి బాలసరస్వతి భర్తృహరిని తెనిగించాడు. మూలం పృథ్వీ వృత్తం. దానిలోని పాదాన్ని తేటగీతిలోకి కుదించినప్పుడు ఏదో ఒకటి జారిపోక తప్పదు. పుష్పగిరి తిమ్మన అనువాదాన్ని కూడా పక్కన పెట్టుకుని ముగ్గురూ ‘పీడయన్’ను ఏం చేశారో చూడాలి. ఆ పద్యాలు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి ఇక్కడ ఉంచగలరు.

మంచిర్యాల సభ్యుడు:
వ్యాసంలో మరొక విషయం తప్పక చేర్చండి. పెట్టెల్లో నిలవ ఉన్న కోరు నుండి తేలిక హైడ్రోకార్బన్లు ఆవిరైపోతాయి, కాబట్టి ఎస్1 ఉన్నదానికంటే తక్కువగా నమోదవుతుంది. బరువైన చమురులో కొంత ఎస్2లోకి జారుకుంటుంది. ద్రావణితో కడిగిన రాతిని మళ్లీ పరీక్షించి, రెండు ఎస్2ల తేడాను కలిపితే తప్ప మొత్తం తెలియదు. మన గోండ్వానా బొగ్గులోని కెరోజెన్ ఎక్కువగా చెట్ల కలప నుండి వచ్చినది, అది ప్రధానంగా వాయువునే ఇస్తుంది. బిగువు చమురు లెక్కను బొగ్గు పొరలకు యథాతథంగా అన్వయించవద్దు.

జనగామ సభ్యురాలు:
శిల గురించి మీ మాట శిరోధార్యం. ‘తివిరి’ గురించి మాత్రం నాకింకా ఒక సందేహం మిగిలింది. కవి ‘యత్నతః’ను తీసుకుని ‘పీడయన్’ను వదిలాడా, లేక ‘తీయవచ్చు’లోనే పిండడాన్ని కలిపాడా? నూనె తీయడం అంటే గానుగాడించడమే అన్న వాడుక ఉన్నది గదా.

కరీంనగర్ సభ్యుడు:
ఆ వాడుక ఉన్నది గాని నేను చెప్పిన ‘అపి’కి తెలుగు పాదంలో చోటెక్కడున్నదో ఇంతవరకు ఎవరూ చూపలేదు.