అప్‌డేట్: ఎన్‌ఐసీయూ (అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూ) నర్సింగ్ గురించి అడిగిన కదా, చేరిన

బీఎస్సీ నర్సింగ్ అయిపోయినంక డైరెక్ట్‌గా ఎన్‌ఐసీయూలోకి పోవచ్చా, ముందు ఇంకేదన్న కోర్సు చెయ్యాల్నా అని అడిగిన కదా, అప్పుడు ఓపికగా చెప్పిన అక్కలందరికీ థ్యాంక్స్. కోర్సు లేకున్నా తీస్కున్నరు, నల్లగొండలనే ఒక ప్రైవేటు పిల్లల దవాఖాన. జీతం గురించి అడగకుండ్రి, నైట్ డ్యూటీలు మాత్రం ఫుల్లు.

పని అయితే నేననుకున్నట్టు లేదు. మందులన్నీ బరువు లెక్కనే, కిలో దాటని పాపకు దశాంశం పాయింట్ ఒక్క స్థానం అటుఇటు అయితే డోసు పదింతలు అయితది, అందుకే ప్రతిసారి ఇంకో సిస్టర్‌తోని చెక్ చేపిస్తం. పాలు ట్యూబుల పోసేటప్పుడు సిరంజి ఒత్తొద్దు, పైకి పట్టుకుంటే అవే మెల్లగ దిగుతయ్. కామెర్ల లైటు కింద పెట్టిన పిల్లలైతే కండ్లకు కట్టిన పట్టీ ఊకె జరుపుకుంటరు, సర్దుడే సర్దుడు.

నాకు బాగ నచ్చింది కంగారూ కేర్, అంటే బిడ్డను తల్లి ఒంటికి ఆనిచ్చి ఉంచుడు. మొన్న దేవరకొండ దిక్కు తండా నుంచి వచ్చిన తల్లి బిడ్డను ముట్టుకోనీకె భయపడ్డది, రొమ్ము మీద పండబెట్టి గుడ్డ కట్టినంక ఇద్దరూ నిద్రపోయిన్రు, వాళ్లత్త మాత్రం నన్నే గుర్రుగ చూసింది.

ఇప్పుడు ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా నియోనేటల్ (అప్పుడే పుట్టిన పిల్లల) నర్సింగ్ చేద్దామా, లేకుంటే ఎంహెచ్‌ఎస్‌ఆర్‌బీ (తెలంగాణ సర్కారు దవాఖాన కొలువుల బోర్డు) స్టాఫ్ నర్స్ నోటిఫికేషన్‌కు చదువుదామా అని ఆలోచన. రెండూ చేసినోళ్లు ఉంటే చెప్పుండ్రి.